తాళం వేసిన ల్యాబు, పని లేని కంప్యూటర్లు

ఈసారి కాస్త పొడవైన సంగతి. తీరిక చేసుకొని చదవండి. ఇంట్లో ఇంజనీరింగు చదివే పిల్లలుంటే వాళ్ళ చేత కూడా చదివించండి.

మన విరించిపురం మార్గబంధు స్వామి గుడిలో కాలం చూపే రాయి ఉంది కదా. మనలో చాలామంది చిన్నప్పుడు దాని మీద పుల్ల పెట్టి చూసినవాళ్ళమే. పుల్ల నీడ ఏ గీత మీద పడితే అంత పొద్దు అయిందన్న మాట. "విరించిపురం మదిలళగు" అని తమిళంలో సామెతగా చెప్పుకుంటారు. బయటివాళ్ళు ఆ గోడల అందం చూడ్డానికి వస్తారు గాని, మనకు ఆ రాయే ముద్దు. దానికి ఒకటే హద్దు. పొద్దు కుంకితే పని ఆగిపోతుంది. రాయి కాబట్టి దాన్ని ఏమీ అనలేం.

కంప్యూటరుకు ఆ హద్దు లేదు. రాత్రీ పగలూ ఒకేలా పని చేయగలదు. కానీ వేలూరు నుంచి గుడియాత్తం దాకా ఉన్న కళాశాలల ల్యాబులు ఎలా నడుస్తున్నాయో మనకు తెలుసు. సాయంత్రం 5 గంటలకు అటెండరు వస్తాడు, మెయిన్ స్విచ్చి ఆపుతాడు, తాళం వేస్తాడు. మళ్ళీ తెరిచేది పొద్దున 9 గంటలకు. చేతనైన యంత్రాలను కూడా మనం ఆ రాయిలాగే వాడుతున్నాం.

ఇది ఇప్పుడు ఎందుకు చెబుతున్నామంటే, మన సంఘంలోని ఒక ఇంటి ఆడపిల్ల ఎం.టెక్. ప్రాజెక్టు వల్ల. ఏ కళాశాల అన్నది ఇక్కడ అనవసరం. ఆ అమ్మాయి తీసుకున్న విషయం పాలారు పరీవాహకంలో భూగర్భ జలాలు. తోళ్ళ కార్ఖానాల మురుగు పాలారు నీళ్ళను ఏం చేసిందో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న ఇచ్చిన తీర్పును ఈరోజుకీ దేశమంతా న్యాయ విద్యార్థులు చదువుతున్నారు. పాడు చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమని ఆ తీర్పు చెప్పింది. మరి నేలలో దిగిన ఉప్పు ఏ బావి వైపు, ఎంత వేగంగా జరుగుతోంది? ఆ అమ్మాయి లెక్క కట్టాలనుకున్నది అదే.

దీనికి మాడ్‌ఫ్లో అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1984లో విడుదల చేసింది, డబ్బు కట్టనక్కర లేదు. చిక్కేమిటంటే నేల లోపల ఇసుక ఎంత, బంకమన్ను ఎంత, నీరు ఎంత సులభంగా పారుతుంది అన్నవి ఎవరికీ కచ్చితంగా తెలియవు. అందుకని విలువలు మార్చి మార్చి అదే లెక్కను వందల సార్లు నడపాలి. ఆ అమ్మాయి నమూనా ఒక్కసారి నడవడానికి 3 గంటలు పట్టేది. 400 సార్లు నడపాలి. మొత్తం 1,200 గంటలు. అంటే ఇంట్లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ మీద ఆపకుండా 50 రోజులు.

రాత్రిపూట ల్యాబులో నడుపుకుంటానని అడిగితే కుదరదన్నారు. కారణం కూడా చెప్పలేదు. రూలు లేదు, అంతే. ఇంట్లో టేబుల్ ఫ్యాను ల్యాప్‌టాప్ వైపు తిప్పి రాత్రంతా నడిపింది. వేడికి అది తనంతట తానే ఆగిపోయి, సగంలో ఉన్న లెక్కలు పోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టిన రాత్రులు ఎన్నో. చివరికి గడువు దగ్గర పడి 400కు బదులు 60తో ముగించింది. వైవాలో అడగనే అడిగారు, ఇంత తక్కువ ఎందుకు చేశావని. ఆ సమయానికి మెట్ల కింద ల్యాబులో 40 కంప్యూటర్లు తాళం వెనక ఖాళీగా ఉన్నాయి.

ఈ ఇబ్బంది మనతో మొదలైంది కాదు. దీనికి 40 ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. అందులో మన పక్క జిల్లా మనిషి చేయి కూడా ఉంది.

ముందు ఒక మాట. కంప్యూటరు ఖాళీగా ఉండడం అన్నది మొదటి నుంచీ ఉన్నది కాదు. 1960లలో ఒక విశ్వవిద్యాలయం మొత్తానికి ఒకటో రెండో పెద్ద యంత్రాలు. యంత్రం ఖరీదైనది, మనిషి కాలం చవక. అందుకని మనుషులు కార్డుల కట్టలు పట్టుకొని వరసలో నిలబడేవారు, యంత్రం మాత్రం రాత్రింబవళ్ళు నడిచేది. 1961లోనే జాన్ మెకార్థీ అనే శాస్త్రవేత్త, టెలిఫోను లాగా కంప్యూటరు శక్తి కూడా ఒకనాటికి అందరూ వాడుకునే ప్రజా సేవ కావచ్చునన్నాడు. కానీ కాలం ఇంకో దారి పట్టింది. మనిషికొక కంప్యూటరు వచ్చింది. అప్పుడు వరసలో నిలబడే పని తప్పింది గాని, మనిషి టీకి వెళితే యంత్రం అతని కోసం ఎదురు చూస్తూ కూర్చోవడం మొదలైంది.

ఆ మెకార్థీ దగ్గర స్టాన్‌ఫర్డులో 1966లో డాక్టరేటు చేసినవారే మన దబ్బాల రాజగోపాల్ రెడ్డి గారు, లోకానికి రాజ్ రెడ్డి గారు. 1937 జూన్ 13న చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టా పుచ్చుకున్నారు. చిత్తూరు అంటే మనకు పరాయి కాదు. 1911లో వేరే జిల్లా అయ్యేదాకా చిత్తూరూ వేలూరూ ఒకే ఉత్తర ఆర్కాటు. ఆయన అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉండగా, 1980ల మొదట్లో, తన సహచరులతో కలిసి పరిశోధకుడి బల్ల మీద ఉండవలసిన కంప్యూటరు ఎలా ఉండాలో ఒక కొలత పెట్టారు. ఒక మెగాబైటు జ్ఞాపకశక్తి, పది లక్షల చుక్కల తెర, సెకనుకు పది లక్షల ఆదేశాలు. దానికి మూడు ఎమ్‌ల యంత్రం అని పేరు పడింది. తర్వాత వచ్చిన వర్క్‌స్టేషన్లకు అదే గురి అయింది. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ఆయనకు ట్యూరింగ్ పురస్కారం వచ్చింది కృత్రిమ మేధలో చేసిన పనికి. ఆసియా మూలాలున్నవారిలో ఆ పురస్కారం అందుకున్న మొదటివారు ఆయనే.

అలాంటి యంత్రాలు గదికొకటి చేరాక, రాత్రి ఆ గదుల వెంట నడిచినవాడికి ఎవరికైనా ఒకటే ఆలోచన వస్తుంది. ఇవన్నీ కలిపితే ఎంత పని అవుతుంది?

ఆ ఆలోచన మొట్టమొదట గట్టిగా పట్టుకున్నది కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రం. అక్కడ ఆల్టో అనే యంత్రాలు వంద దాకా ఒకే నెట్‌వర్కులో ఉండేవి. 1970ల చివర జాన్ షోచ్, జాన్ హుప్ అనే ఇద్దరు ఒక ప్రోగ్రాము రాశారు. అది రాత్రిపూట ఖాళీ యంత్రాలను వెతుక్కుంటూ ఒకదాని నుంచి ఒకదానికి పాకేది. దానికి పురుగు అని పేరు పెట్టారు. ఒక రాత్రి దాన్ని వదిలి ఇంటికి వెళ్ళారు. పొద్దున వచ్చి చూస్తే భవనం నిండా యంత్రాలు చచ్చి పడి ఉన్నాయి. ప్రోగ్రాము ఎక్కడో చెడిపోయి, చెడిపోయిన రూపంలోనే పాకుతూ పోయింది. మళ్ళీ లేపితే మళ్ళీ పురుగు పట్టుకునేది. అదృష్టవశాత్తూ దాన్ని ఆపే మందును కూడా వాళ్ళు ముందే రాసి పెట్టుకున్నారు. జరిగిందంతా 1982లో దాచకుండా వ్యాసంగా రాశారు. ఖాళీ యంత్రాన్ని వాడుకోవడం కష్టం కాదు, మర్యాదగా వాడుకోవడమే కష్టం అన్న మొదటి పాఠం అక్కడ తేలింది.

రెండో అడుగు రాజ్ రెడ్డి గారున్న కార్నెగీ మెలన్‌లోనే పడింది. డేవిడ్ నికొల్స్ అనే పరిశోధకుడు 1987లో బట్లర్ అనే ఏర్పాటు గురించి రాశాడు. పక్క గదిలో యంత్రం ఖాళీగా ఉంటే మన పని అక్కడికి పంపవచ్చు. సొంతదారు తిరిగి వస్తే అతిథికి ముందు హెచ్చరిక, తర్వాత గెంటివేత. మర్యాద వచ్చింది గాని, గెంటేసిన పని మాత్రం గంగలో కలిసేది. మన అమ్మాయి ల్యాప్‌టాప్‌కు జరిగినట్టే.

అసలు మలుపు 1988లో. మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మిరన్ లివ్నీ, మైఖేల్ లిట్జ్‌కౌ, మాట్ ముట్కా అనే ముగ్గురు కాండోర్ అనే ఏర్పాటును లోకానికి చూపించారు. కాండోర్ అంటే రాబందు జాతి పెద్ద పక్షి. ఖాళీ యంత్రాలను వేటాడేది అని ఆ పేరు. 23 యంత్రాలను నెల రోజులు గమనిస్తే, మొత్తం కాలంలో నాలుగింట మూడు వంతులు అవి ఇతరుల పనికి అందుబాటులో ఉన్నాయని తేలింది. ఆ ఒక్క నెలలో సుమారు 200 యంత్ర దినాల పని వృథా కాకుండా దక్కింది. ఒక్క యంత్రం ఆపకుండా చేస్తే ఆరు నెలలు దాటే పని అది.

కాండోర్ ఎలా పని చేస్తుందో మన గుడియాత్తం మగ్గాల మాటల్లో చెప్పుకుందాం.

మొదటిది, పని ముక్కలుగా ఉండాలి. వెయ్యి లుంగీలు కావాలంటే వెయ్యి మగ్గాలకు నూలు పంచవచ్చు. ఒక్క లుంగీని పది మగ్గాల మీద నేయలేం. పాలారు లెక్క వెయ్యి లుంగీల లాంటిది, 400 ముక్కలూ దేనికది వేరు. ముక్కలు చేయలేని లెక్కలకు ల్యాబు కంప్యూటర్లు పనికిరావు, వాటికి పెద్ద సూపర్ కంప్యూటరే కావాలి. ఒక సెకనులో ఎంత వేగం అని కాక, ఏడాది తిరిగేసరికి ఎంత పని తేలింది అని చూడాలంటాడు లివ్నీ.

రెండోది, మగ్గం సొంతదారుదే. ఇప్పటి కాండోర్‌లో డెస్క్‌టాప్ యంత్రాలకు ఉన్న రూలు ప్రకారం కీబోర్డు, మౌసు 15 నిమిషాల పాటు ఎవరూ ముట్టుకోకపోతేనే బయటి పని మొదలవుతుంది. ఎవరైనా వచ్చి కీ నొక్కితే అది పక్కకు తప్పుకుంటుంది. కూర్చున్న విద్యార్థికి అంతవరకూ ఏదో నడిచిందని కూడా తెలియదు.

మూడోది అన్నిటికంటే గొప్పది. తప్పుకునేటప్పుడు లెక్క ఎంతవరకు వచ్చిందో అంతా రాసి పెట్టుకొని తప్పుకునేది. సగం నేసిన గుడ్డను పడుగుతో సహా దించి, పక్క ఊళ్ళో ఖాళీ మగ్గానికి ఎక్కించి, తెగిన చోట నుంచే నేసినట్టు. చేసిన పని మళ్ళీ చేయాల్సిన అవసరం దాదాపుగా ఉండేది కాదు.

నాలుగోది వంతు. ఒకడు వెయ్యి పనులు తెచ్చి వరస నింపేస్తే, ఎప్పుడో ఒకసారి ఒక చిన్న పనితో వచ్చినవాడి గతి ఏమిటి? ముట్కా, లివ్నీ దీనికొక పద్ధతి పెట్టారు. ఎక్కువ వాడుకున్నకొద్దీ నీ వంతు వెనక్కి జరుగుతుంది, వాడుకోకుండా కాచుకున్నకొద్దీ ముందుకు జరుగుతుంది. చెరువు నీళ్ళ వంతులు చూసిన మన పెద్దలకు ఇందులో కొత్త ఏమీ కనబడదు.

2012లో పేరు కాస్త మార్చుకొని హెచ్‌టీకాండోర్ అయింది. ఇండియానాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం విద్యార్థుల ల్యాబు యంత్రాలను కూడా కలుపుకొని దీంతోనే పెద్ద ఏర్పాటు నడిపింది. 2015లో గురుత్వ తరంగాలను పట్టుకున్న లైగో శాస్త్రవేత్తలు తమ లెక్కలను యంత్రాలకు పంచడానికి వాడినది కూడా ఇదే.

ఇక మన పిల్లలకు బాగా తెలిసిన ఊరికి వద్దాం. మిస్సోరి రాష్ట్రంలోని వారెన్స్‌బర్గ్. అక్కడి సెంట్రల్ మిస్సోరి విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదివిన తెలుగు పిల్లలు ఎంతమందో! మన బంధువుల్లోనే ఒకరిద్దరు కనబడతారు. వాళ్ళు కూర్చొని అసైన్‌మెంట్లు చేసుకునే ల్యాబు కంప్యూటర్లకు ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. కర్టిస్ కూపర్, స్టీవెన్ బూన్ అనే ఇద్దరు ఆచార్యులు క్యాంపస్‌లోని 700కు పైగా కంప్యూటర్లను ప్రధాన సంఖ్యల వేటలో పెట్టారు. ప్రపంచమంతా ఔత్సాహికులు కలిసి 1996 నుంచి చేస్తున్న వేట అది. మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటే, 2ను ఇన్నిసార్లు అని గుణించి ఒకటి తీసేస్తే మిగిలే ప్రధాన సంఖ్యలు.

2005 డిసెంబరులో ఆ ల్యాబుల నుంచి 91,52,052 అంకెల ప్రధాన సంఖ్య దొరికింది. 2006 సెప్టెంబరులో 98,08,358 అంకెలది. 2013 జనవరిలో 1,74,25,170 అంకెలది. ఒక్కోటీ దొరికిననాటికి లోకంలో తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య. ఏ సూపర్ కంప్యూటరూ లేని, పెద్ద పేరూ లేని ఒక చిన్న ఊరి విశ్వవిద్యాలయం ఇది.

నాలుగోదాని కథ ఇంకా బాగుంటుంది. 7,42,07,281 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య, మొత్తం 2,23,38,618 అంకెలు. ఒక మామూలు కంప్యూటరు 31 రోజులు ఆపకుండా లెక్క కట్టి, 2015 సెప్టెంబరు 17న దొరికిందని కబురు పంపింది. ఆ కబురు ఎవరి కంటా పడలేదు. 2016 జనవరి 7న మరేదో మరమ్మతు చేస్తూ పాత వివరాలు తిరగేస్తుంటే బయటపడింది. నాలుగు నెలలపాటు లోకంలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ తెలియకుండా అలా పడి ఉంది. మనిషి చూసిన రోజే కనుక్కున్న రోజు కాబట్టి చరిత్రలో జనవరి తేదీయే నిలిచింది. యంత్రాన్ని పనిలో పెట్టడమే కాదు, అది చెప్పింది వినేవాడూ ఒకడు ఉండాలి.

లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం గణిత శాఖ కూడా ఇదే వేటలో తన ల్యాబులోని 75 కంప్యూటర్లను పెట్టింది. 2008 ఆగస్టు 23న 1,29,78,189 అంకెల సంఖ్య దొరికింది. కోటి అంకెలు దాటిన మొదటి ప్రధాన సంఖ్యకు లక్ష డాలర్ల బహుమానం కాచుకొని ఉండింది. ఆ బహుమానాన్ని గెలిచింది ఆ 75 ల్యాబు యంత్రాలే.

ఇంత మంచి చెప్పాం కాబట్టి చెడు కూడా చెప్పాలి. జార్జియా రాష్ట్రంలో ఒక సాంకేతిక కళాశాలలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగి ఒకరు 1990ల చివర ఇలాంటి ప్రోగ్రామునే కళాశాల యంత్రాల్లో పెట్టాడు. దొంగిలించింది ఏమీ లేదు. కానీ ఎవరినీ అడగలేదు. ప్రభుత్వం కేసు పెట్టి, నష్టం 4 లక్షల డాలర్లకు పైనే అని లెక్క చూపింది. ఏళ్ళ తరబడి జైలు పడుతుందన్న భయంలో బతికాడు. 2002లో రాజీ కుదిరి 2,100 డాలర్లు కట్టి, 80 గంటలు సమాజ సేవ చేసి బయటపడ్డాడు. కూపర్, బూన్ చేసిన పనికీ ఇతను చేసిన పనికీ సాంకేతికంగా పెద్ద తేడా లేదు. తేడా అనుమతిలో ఉంది. అందుకని మన పిల్లలకు ముందే చెబుతున్నాం, ఎంత మంచి పనైనా అడగకుండా ల్యాబులో ఏమీ పెట్టవద్దు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. 1988లో యంత్రం పని చేసినా చేయకపోయినా కరెంటు ఖర్చు దాదాపు ఒకటే, కాబట్టి ఖాళీ కాలం ఉచితమే. ఈనాటి ప్రాసెసరు పని లేకపోతే కరెంటు బాగా తగ్గించుకుంటుంది, పని ఇస్తే ఎక్కువ లాగుతుంది. ఉచితం అన్న మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. అద్దె కంప్యూటర్లు కూడా ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. గ్రహాంతరవాసుల సంకేతాల కోసం లక్షల ఇళ్ళ కంప్యూటర్లలో 1999 నుంచి నడిచిన సెటీ ఎట్ హోమ్ కూడా 2020 మార్చి 31న పని పంచడం ఆపేసింది.

అయినా మన లెక్క మనం వేసుకుందాం. 40 కంప్యూటర్ల ల్యాబు. సాయంత్రం 5 నుంచి పొద్దున 9 దాకా 16 గంటలు. 3 గంటల లెక్క ఒక్కో యంత్రం మీద రాత్రికి 5 సార్లు నడుస్తుంది. 40 యంత్రాల మీద 200 సార్లు. 400 సార్లకు రెండే రాత్రులు. మానిటర్లు ఆపేసి, ఒక్కో యంత్రం 80 వాట్లు లాగుతుందనుకుంటే రెండు రాత్రులకు దగ్గరదగ్గర 100 యూనిట్ల కరెంటు. ఎండాకాలం కాకపోతే కిటికీలు తీస్తే చాలు. ఆ 100 యూనిట్లు ఇవ్వలేకపోయినందుకు ఒక పిల్ల నెలల తరబడి నిద్ర మానుకుంది. మన పాలారు గురించి మనకు తెలియవలసిన లెక్కలో 340 ముక్కలు రాకుండానే పోయాయి.

అందుకని మన సంఘం తరఫున ఒక పని చేద్దామని మేము అనుకుంటున్నాం. మన సభ్యుల్లో కళాశాలల్లో పాఠాలు చెప్పేవారున్నారు, ల్యాబు టెక్నీషియన్లున్నారు, పాలక మండళ్ళలో పరిచయం ఉన్న పెద్దలున్నారు. ఒక్క కళాశాల, ఒక్క ల్యాబు, వారానికి రెండు రాత్రులు అడుగుదాం. కాగితం మీద అనుమతి తీసుకుందాం. తరగతికి వచ్చిన విద్యార్థికే మొదటి హక్కు అని రాసిద్దాం. ఎవరి లెక్క నడుస్తోందో, ఎవరి వంతు ఎప్పుడో గోడకు అంటిద్దాం. కరెంటు బిల్లులో మన వాటా ఎంతో అడిగి కడదాం. హెచ్‌టీకాండోర్‌కు డబ్బు కట్టనక్కర లేదు. దాన్ని పెట్టడం తెలిసిన పిల్లలు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. అమెరికాలో ఇలాంటి ల్యాబుల్లో కూర్చొని చదివి వచ్చినవాళ్ళు ఒక ఆదివారం కేటాయిస్తే చాలు.

ఆ అమ్మాయి పాసైంది, ఉద్యోగంలో చేరింది. కానీ ఆ 340 లెక్కల ఫైళ్ళు ఇంకా దాచుకొనే ఉంది. ల్యాబు దొరికితే వచ్చి నడిపిస్తానంటోంది. మార్గబంధు అంటే దారితోడు. మన ఊరి స్వామి పేరే అది కదా. ఈ దారిలో ఆ పిల్లకు తోడు వచ్చేది ఎవరో చెప్పండి. మీకు తెలిసిన ల్యాబు ఉంటే వచ్చే సమావేశంలో మాట్లాడండి.